యాభై రెండో నిమిషం

మార్చి 1

అత్తా,

మోకాలు ఎలా ఉంది? కుడి చెవి ఇంకా మొరాయిస్తూనే ఉందా? ఫోను చేద్దామంటే నువ్వు నాలుగుసార్లు "ఆఁ? ఏంటీ?" అని, ఐదోసారి "సరేలే, ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు. అందుకే నీకు ఆ శ్రమ లేకుండా నేరుగా ఉత్తరమే రాస్తున్నాను.

నా సినిమా వచ్చే శుక్రవారం మీ హాల్లో పడుతోంది. అవును, నువ్వు ముప్పై ఏళ్ళుగా టార్చిలైటు పట్టుకుని జనానికి సీట్లు చూపిస్తున్న ఆ హాల్లోనే. నేనెవరినీ అడగలేదు. హాళ్ళ జాబితాలో ఆ పేరు కనిపించగానే కుర్చీలోంచి లేచి గది చుట్టూ రెండుసార్లు తిరిగాను. మా ఎడిటరు నాకేదో అయిందనుకుని మంచినీళ్ళు ఇచ్చాడు.

కథ ముందే చెప్పేస్తాను. ఎలాగూ నువ్వు తెర వంక చూడవు. కొత్త బస్టాండు ప్రారంభోత్సవం వీడియో తియ్యడానికి ఒకాయన వస్తాడు. మధ్యలో ఊరి మీదకి ఇంత పొడుగు జంతువు వచ్చిపడుతుంది. అక్కణ్ణుంచి సినిమా అంతా ఆయన చేతిలో ఉన్న కెమెరాలోంచే చూస్తాం. ఆయన పరిగెడితే తెర పరిగెడుతుంది, పడితే పడుతుంది.

నీతో ఒక పనుంది. జనం ఏమంటున్నారో నాకు రాయి. ఎక్కడ నవ్వారు, ఎక్కడ అరిచారు, ఎక్కడ లేచిపోయారు, అన్నీ ఉన్నదున్నట్టు రాయి. నేను నీ మేనకోడల్నని తియ్యగా రాశావో, ఊరుకోను. మిగతా ఊళ్ళ నుంచి నాకు "బాగుంది", "పర్లేదు" అనే రెండు మాటలే వస్తాయి. వాటితో ఏం చేసుకోను?

ఇంకొకటి. ఆ సినిమాలో నువ్వు గుర్తుపట్టాల్సింది ఒకటుంది. ఏంటో చెప్పను. ఈ సినిమాలో పూర్తిగా నాది అనగలిగింది అదొక్కటే. మిగతాది ఎవరైనా తీసి ఉండేవాళ్ళు.

భయంతో అన్నం సహించని,
నీ పిడుగు

---

మార్చి 10

ఏమే పిడుగూ,

మోకాలు ఉన్నచోటే ఉంది. చెవి మొరాయించడం కాదు, పోయింది. ముప్పై ఏళ్ళు స్పీకరు పక్కన నిలబెట్టి ఉండమంటే ఉంటుందా? ఇంకోటుందిగా, దానితో గడుస్తోంది.

ఉన్నదున్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. తర్వాత నన్ను అనకు.

మొదటి రోజు మ్యాట్నీ మొదలైన పది నిమిషాలకి సగం హాలు వెనక్కి తిరిగి ఆపరేటరు కిటికీ వంక చూసింది. మూడో వరసలో ఒకాయన లేచి, "ఇదిగో ఆపరేటరూ, మిషను ఊగుతోంది, కాస్త పట్టుకో" అన్నాడు. మా ఆపరేటరు సంగతి నీకు తెలుసుగా, మిషన్ని అంటే కన్నకూతుర్ని అన్నట్టు బాధపడతాడు. ఇంటర్వెల్లో ఆ మూడో వరసాయన్ని చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళాడు. మిషను మీద నిండా నీళ్ళున్న గ్లాసు పెట్టి, "చూడండి, చుక్క తొణికిందా?" అని అడిగాడు. మర్నాడు టికెట్ల కిటికీ దగ్గర కాగితం అంటించాడు: "సినిమాయే అలా ఉంటుంది. మిషను బాగానే ఉంది."

ముందు వైపు ఒక పెన్షనరు కూర్చున్నాడు. ఆట మొదలైన దగ్గర్నుంచీ ఒకటే గొణుగుడు. చివరికి ఉండబట్టలేక పైకే అన్నాడు, "ఆ కెమెరా కింద పడేసి పరిగెత్తొచ్చుగా వెధవ!" ఆ వరసంతా నవ్వింది. నాకూ అదే అనుమానం. ప్రాణం పోతుంటే వీడియో తీసేవాడెవడే?

ఎదురు వీధి టైలరమ్మకి మాత్రం చాలా నచ్చింది. ఎందుకన్నాను. ఆ హీరోయిను లంగా మోకాలి దగ్గర చిరిగింది కదా, చివరిదాకా ప్రతి సీన్లోనూ అదే చోట అంతే చిరుగు ఉందట, ఒక్క దారం కూడా అటూ ఇటూ అవలేదట. "ఎవరో శ్రద్ధగా చూసుకున్నారండీ" అంది. నా కోడలే అని చెప్పలేదు. నాకూ కాస్త బిడియం ఉంటుందిగా.

ఇక నీకు నచ్చనిది. లెక్చరరు ఒకాయన భార్యతో వచ్చాడు. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి, ఇది ఏయే సినిమాల్లోంచి ఎత్తుకొచ్చారో వేళ్ళ మీద లెక్కపెట్టాడు. వేళ్ళు చాలక భార్య చెయ్యి తీసుకున్నాడు. "ఊగే కెమెరా పాతది, జంతువు పాతది, దీపాలు ఆరిపోవడం మరీ పాతది. కొత్తదనం ఏదీ?" అన్నాడు. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుని, "మన ఇంట్లో గొడవ కూడా పదేళ్ళుగా ఒకటే. మీకు కోపం మాత్రం రోజూ కొత్తగానే వస్తోంది కదా" అంది. ఆవిణ్ణి చూస్తే నాకు ముచ్చటేసింది.

నేను తెర చూడను, అది నీకు తెలుసు. వాకిలి దగ్గర తెరకి వీపు పెట్టి నిలబడతాను. చీకట్లో ఎవరు లేచారో, ఎవరు తడుముకుంటున్నారో చూడటం నా పని. లేచినవాళ్ళని పుస్తకంలో ఎక్కించాలి. మా పాత మేనేజరు పెట్టిన పద్ధతి ఇది: ఆట మధ్యలో ఎవరు బయటికి వెళ్ళినా సీటు నంబరు, టైము రాయాలి. ఆదివారం ఆ పుస్తకం చూసే సినిమా ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తారు. నీ కోసం లెక్క తీశాను. అన్నీ మ్యాట్నీలే. మొదటి అరగంటలో రోజుకి నలుగురైదుగురు, తల తిరిగినవాళ్ళు. చివర్లో ఇద్దరు ముగ్గురు, బస్సు ఉన్నవాళ్ళు. కానీ యాభై రెండో నిమిషం దగ్గర మాత్రం శుక్రవారం పద్నాలుగు మంది, శనివారం పదిహేడు, ఆదివారం ఇరవై ఒకరు. అక్కడేం పెట్టావే? నా టార్చి బ్యాటరీలు అక్కడే అయిపోతున్నాయి.

అయినా కెమెరా కుదురుగా పట్టుకోవడం మీ వంశంలోనే లేదు. స్కూలు వార్షికోత్సవం తియ్యమంటే, స్టోరు గదికి నిప్పంటుకున్న గొడవలో మీ నాన్న కెమెరా నేల మీద పెట్టేసి పోయాడు. హెడ్మాస్టరుకి డ్యాన్సుల బదులు నాలుగు నిమిషాలు బెంచీ కాళ్ళు చూపించాడు. ఆ క్యాసెట్టు నేను చూడలేదు గానీ ఆయన అరుపులు వీధి చివరికి వినపడ్డాయి. అప్పట్నుంచి మీ నాన్న పాస్‌పోర్టు ఫొటోల్లో పడ్డాడు. వాటిలో కదిలేది ఏదీ ఉండదు, హాయి.

నువ్వు గుర్తుపట్టమన్నదేంటో తెలీలేదు. ఆపరేటరుని అడిగితే నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఉన్నదున్నట్టు రాసిన,
నీ అత్త

---

మార్చి 15

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీళ్ళ గ్లాసు దగ్గర ఎంత నవ్వానంటే పక్క గదివాళ్ళు తలుపు కొట్టారు. టైలరమ్మకి నా నమస్కారాలు చెప్పు. ఆ చిరుగు కోసం ఒకే రకం లంగాలు తొమ్మిది కుట్టించి, తొమ్మిదీ నేనే కూర్చుని చింపాను. ఇన్నాళ్ళకి ఒక్కరు చూశారు.

పుస్తకం లెక్క దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది.

ఇక్కడ పేపర్లో సమీక్ష వచ్చింది. "చూసిందే మళ్ళీ ఊపి చూపించారు" అని రాశాడు. నిర్మాత ఆ ముక్క కత్తిరించి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. తిట్టినా బాగుండేది. మీ లెక్చరరు చెప్పింది నిజమే అత్తా. ఊగే కెమెరా నాది కాదు, జంతువు నాది కాదు, దీపాలు ఆరిపోవడం అస్సలు నాది కాదు. నాది ఒక్కటుంది అన్నానే, అది సరిగ్గా యాభై రెండో నిమిషం దగ్గర మొదలవుతుంది. నాలుగు నిమిషాలు. అది వద్దని నిర్మాత మొదట్నుంచీ మొత్తుకున్నాడు. నేనే మొండిపట్టు పట్టి ఉంచాను.

జనం సరిగ్గా అక్కడే లేచిపోతున్నారు. అరువు తెచ్చుకున్నదంతా కూర్చుని చూస్తున్నారు. నాది రాగానే వెళ్ళిపోతున్నారు. ఇంతకంటే ఎవరైనా ఏం చెప్పాలి?

వేరే ఏ ఊళ్ళోనూ ఇలా లెక్క రాసేవాళ్ళు లేరు. నా దగ్గరున్న నిజం నీ పుస్తకం ఒక్కటే. అందుకే దాని మాటే వింటాను, ఆ నాలుగు నిమిషాలూ సరిచేస్తాను. దాన్ని నువ్వు గుర్తుపట్టావా లేదా, అది మాత్రం చెప్పు.

నాన్న సంగతి రాశావు. నిజమే, మా వంశంలో లేదు.

నీ పిడుగు

---

మార్చి 22

అమ్మా డైరెక్టరుగారూ,

గుర్తుపట్టాను. బాగా గుర్తుపట్టాను.

ఆపరేటరుని మెట్ల మీద ఆపి నిలదీస్తే అప్పుడు బయటపెట్టాడు. "అక్కా, ఆ అడుగుల చప్పుడు విన్నావా? ఒకటి గట్టిగా, ఒకటి ఈడుస్తూ. అచ్చం నువ్వు మెట్లు దిగినట్టే ఉంటుంది" అన్నాడు. నాకెక్కడ వినపడుతుంది, స్పీకరు వైపున్నది పోయిన చెవి. ముందు వరసలో కూర్చునే కాలేజీ పిల్లలు నేను నడుస్తుంటే "వచ్చింది, వచ్చింది" అని ఎందుకు నవ్వుతున్నారో అప్పుడు అర్థమైంది. అంటే నువ్వు గుర్తుపట్టమన్నది ఇదన్నమాట. మేనత్తని తీసుకెళ్ళి రాక్షసిని చేశావు.

ఈ మోకాలు ఎవర్ని ఎత్తుకుని దిగుతుంటే మడతపడిందో మర్చిపోయావా? ఆ వార్షికోత్సవం రోజు మీ నాన్న ముందు మెట్ల మీదుగా పైకి పరిగెత్తాడు. నేను వెనక మెట్ల మీదుగా వెళ్ళి, నిన్ను చంకనేసుకుని ఆ పొగలో దిగాను. ఆరేళ్ళకే బియ్యం బస్తాలా ఉండేదానివి. కాలు పోతే పోయింది, ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారైనా అన్నానా? ఇప్పుడు అనిపిస్తున్నావు.

కాబట్టి ఆ నాలుగు నిమిషాలూ సరిచెయ్యడం ఎందుకు, తీసెయ్యి. నీది నీది అని మురిసిపోయిన ముక్క అదే అయితే, నాకేం ముద్దుగా లేదు.

ఇంత కోపంలోనూ లెక్క తప్పను. ఈ వారం యాభై రెండో నిమిషంలో లేచినవాళ్ళు ఒక్కో మ్యాట్నీకి ఇరవై ఐదుకి తగ్గలేదు. మా మేనేజరు జుట్టు పీక్కుంటున్నాడు. పుస్తకం చూస్తే సినిమా తీసెయ్యాలట, హాలు చూస్తే ఉంచాలట. పెన్షనరు మళ్ళీ వచ్చాడు. ఈసారి గొణగలేదు. లెక్చరరూ వచ్చాడు, తన లెక్క సరిచూసుకోవడానికట. పోయేటప్పుడు భార్య చేతిని పట్టుకునే వెళ్ళాడు గానీ లెక్కపెట్టడానికి కాదు.

నీ రాక్షసి అత్త

---

మార్చి 28

అత్తా, అత్తా, అత్తా,

ఎంత మాటన్నావు. ఆ జంతువు అంటే రబ్బరు తొడుగులో దూరిన ఇద్దరు మనుషులు. వెనక కాళ్ళ వైపు ఉన్నతనికి కొత్త బూట్లు కరిచాయి. మూడు రోజులు కుంటుతూ నడిచాడు. అది బాగుందని అలాగే ఉంచేశాం. కావాలంటే అతని చేత ఉత్తరం రాయిస్తాను. బూట్లు కూడా పంపిస్తాను.

నీ మోకాలు ఎందుకు పోయిందో నేనెలా మర్చిపోతాను? దాని గురించి రాయాల్సింది చాలా ఉంది. కానీ ఇప్పుడు రాస్తే సంజాయిషీలా ఉంటుంది.

నువ్వు గుర్తుపట్టాల్సింది ఆ జంతువు నడక కాదు. ఇక అదేంటో చెప్పినా లాభం లేదు, తీసేశాం. నువ్వూ తీసెయ్యమన్నావు, నిర్మాతా తీసెయ్యమన్నాడు, నీ పుస్తకం మొదటే చెప్పింది. కొత్త డిస్కు శుక్రవారానికి మీకు చేరుతుంది. నిర్మాత చూసి, ఇప్పుడు సినిమా చకచకా నడుస్తోందని భుజం తట్టాడు. నేనూ సంతోషంగానే ఉన్నాను అనుకో.

నాన్న ఇంకా సినిమా చూడలేదు. ఆ నాలుగు నిమిషాలు చూపించడానికే పిలుద్దామనుకున్నాను. సమీక్షలు చల్లబడ్డాక పిలవాలని ఆగాను. ఇప్పుడు రమ్మని ఏం చూపించను?

నీ పిడుగు

---

ఏప్రిల్ 5

పిడుగూ,

ముందు కూర్చో. నిలబడి చదవకు.

కొత్త డిస్కు శుక్రవారం వచ్చింది. మ్యాట్నీకి పెన్ను పట్టుకుని రెడీగా నిలబడ్డాను. యాభై నిమిషాలైంది, యాభై ఒకటైంది, యాభై రెండైంది. ఒక్కరు లేవలేదు. మేనేజరుకి చెప్తే మొహం వెలిగింది. నా కోడలు భలే పని చేసిందే అనుకున్నాను.

ఆట అయ్యాక కాఫీ కౌంటరావిడ నా దగ్గరికొచ్చి, "ఏంటక్కా, ఇవాళ ఫోనులవాళ్ళు ఎవరూ రాలేదు?" అంది.

"ఫోనులవాళ్ళెవరు?" అన్నాను.

అప్పుడు చెప్పింది. మొదటి రోజు నుంచీ ఆ టైముకి హాల్లోంచి పదిహేను ఇరవై మంది గబగబా బయటికొచ్చేవాళ్ళట. కాఫీ తాగేవాళ్ళు కాదు, బాత్రూముకి పోయేవాళ్ళు కాదు. గోడ వైపు తిరిగి ఇంటికి ఫోను చేసేవాళ్ళట. అమ్మకో, తమ్ముడికో, పిల్లల్ని చూసుకునే పక్కింటివాళ్ళకో. "ఏం లేదు, ఊరికే చేశాను" అనే మాట రోజుకి ఇరవైసార్లు వినేదట ఆవిడ. ఒకాయనైతే ఎవరితోనో ఏమీ మాట్లాడకుండా రెండు నిమిషాలు ఫోను పట్టుకుని నిలబడ్డాడట. అందరూ కళ్ళు తుడుచుకుని లోపలికి పోయి చివరిదాకా చూసేవాళ్ళట.

వాళ్ళు తిరిగొచ్చి కూర్చోవడం నాకు తెలుసు. టార్చి వేసి కూర్చోబెట్టిందే నేను. కానీ మా పుస్తకంలో గడులు రెండే, సీటూ టైమూ. తిరిగొచ్చినవాళ్ళకి గడి లేదు. లేని గడిలో నేనేం రాయను? పాత మేనేజరు గీసిచ్చినట్టే ఇన్నేళ్ళూ రాశాను. లేచి వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదని నువ్వు అనుకుంటావని నాకు తట్టలేదు. నీకైనా అడగాలని తోచిందా? ఇద్దరం ఇద్దరమే.

ఇది శుక్రవారం. శనివారం టైలరమ్మ వాళ్ళ అత్తగారిని వెంటబెట్టుకొచ్చింది, ఇది మూడోసారి. ఆట సగంలో నా దగ్గరికొచ్చి, "ఆ కాళ్ళ సీను ఏదండీ? ఈవిడకి అది చూపించడానికే తీసుకొచ్చాను" అని నిలదీసింది. వెనకే పెన్షనరు. ఆయన ఊగిపోతున్నాడు. "ఆ కెమెరా పడేసి పరిగెత్తొచ్చుగా అన్నాను నేను. పడేశాడు. కానీ జనం ఎటు నుంచి పారిపోతున్నారో అటే పరిగెత్తాడు. అది చూసి మొదటి రోజు నోరు మూసుకున్నాను. దాన్నే కోసేస్తారా? ఏ తలకాయ లేనివాడు కోశాడు?" అన్నాడు. నా కోడలే అని ఈసారి కూడా చెప్పలేదు, బిడియం వల్ల కాదు.

లెక్చరరు మాత్రం నెమ్మదిగా అన్నాడు. "మేడమ్, నా పదకొండు సినిమాల లెక్కలో అదొక్కటి లేదండీ. దాని కోసమే మళ్ళీ వచ్చాను."

ఆ కాళ్ళ సీను అంటే ఏంటే? ఎవరి కాళ్ళు? ఇంతమందిని ఏడిపించింది నా నడక అయ్యుండదు. వెంటనే రాయి. నా మీద కోపం ఉంటే తర్వాత పడదాం.

తప్పు చేసిన,
నీ అత్త

---

ఏప్రిల్ 9

అత్తా,

కూర్చునే చదివాను.

నీ ఉత్తరం నిర్మాతకి చదివి వినిపించాను. నమ్మలేదు. మా ఆఫీసు దగ్గర హాల్లో ఇంకా పాత డిస్కే నడుస్తోంది, మ్యాట్నీకి లాక్కెళ్ళాను. యాభై రెండో నిమిషానికి వరండాలో నిలబెట్టాను. పదిహేడు మంది వచ్చారు. పద్దెనిమిదో మనిషి ఆయనే, వాళ్ళమ్మకి చేశాడు. వెనక్కి వస్తూ దారిలో "పాతదే వెయ్యమని అన్ని హాళ్ళకీ చెప్పు" అన్నాడు.

మీ దగ్గర పాత డిస్కు ఉంటే ఆపరేటరుని వెయ్యమను. అనుమతి కావాలంటే ఈ ఉత్తరమే అనుమతి.

ఎవరి కాళ్ళు అని అడిగావు. చెప్పను. నువ్వు ఒక్క నాలుగు నిమిషాలు పుస్తకం మూసి తెర వైపు తిరుగు.

నీ మీద కోపం లేదు. ఎప్పుడూ లేదు.

నీ పిడుగు

---

ఏప్రిల్ 14

నా బంగారూ,

పాత డిస్కు ఉంది. వెనక్కి పంపమన్నారట గానీ తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు, ఆపరేటరు తన అన్నం క్యారేజీ దాని మీదే పెట్టుకుంటున్నాడు. నిన్న మ్యాట్నీకి వేశాడు.

యాభై ఒకటో నిమిషంలో పుస్తకం మూశాను. టార్చి ఆర్పాను. తెర వైపు తిరిగాను. ముప్పై ఏళ్ళలో ఆట మధ్యలో తిరగడం ఇదే మొదటిసారి. మెడ పట్టేస్తుందేమో అనుకున్నాను.

ఆ వీడియో ఆయన కెమెరాని నేల మీద పెట్టేసి పోయాడు. తెర కదలడం మానేసింది. హాలంతా ఒక్కసారి కుదుటపడింది. కనిపించేదల్లా ఒక బెంచీ కింద నేల, బెంచీ కాళ్ళు, పారిపోతున్న జనం పాదాలు. తర్వాత అవీ లేవు, ఒట్టి పొగ. అప్పుడు అడుగుల చప్పుడు మొదలైంది. తిరిగి నిలబడ్డాను కదా, మంచి చెవి స్పీకరు వైపు ఉంది, బాగా వినపడింది. ఒకటి గట్టిగా, ఒకటి ఈడుస్తూ. జంతువు వస్తోందని హాలు మొత్తం ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను.

వచ్చినవి నీలం పట్టీల చెప్పులు. ఎడమదానికి పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది.

ఆ పిన్నీసు నేను పెట్టుకున్నదే. ఆ రోజు పొద్దున స్కూలుకి బయల్దేరుతుంటే పట్టీ తెగింది. నీ డ్యాన్సుకి ఆలస్యమవుతుందని గుమ్మంలోనే పెట్టుకున్నాను. ఆ సంగతి నేనే మర్చిపోయాను.

చెప్పులు బెంచీ ముందు ఆగాయి. పక్కన రెండు చిన్న పాదాలు దిగాయి. ఒక కాలికి బూటుంది, రెండో కాలికి మేజోడు మాత్రమే. అవును, మోకాలు పట్టేసి నిన్ను ఒక్క క్షణం కిందికి దించాను. నువ్వు ఏడవలేదు. "అత్తా, బూటు పోయింది" అన్నావు. ఇక్కడ ఆ పిల్లా అదే అంది. తర్వాత ఆ చిన్న పాదాలు నేల మీంచి పైకి లేచి, తెరలోంచి వెళ్ళిపోయాయి. చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాయి. కాసేపటికి మగవాడి బూట్లు పరిగెత్తుకుంటూ వచ్చి, ఆ ఖాళీ చోట నిలబడి, అటూ ఇటూ తిరిగాయి. ఎవరూ లేరక్కడ.

మీ నాన్న క్యాసెట్టులో ఉన్నది ఇదన్నమాట. ఇన్నేళ్ళు బెంచీ కాళ్ళు బెంచీ కాళ్ళు అని నవ్వాను. నీకూ అదే రాసి నవ్వాను. నవ్వినందుకు నన్ను క్షమించు. పిచ్చిదానా, నువ్వు దాన్ని ఎన్నిసార్లు చూసి ఉంటే అంత బాగా తీస్తావే.

ఆపరేటరు చెప్పింది నిజమే. అది నా నడకే. ఆట అయ్యాక కిందికొచ్చి, "నేను చెప్తే కోప్పడ్డావు" అన్నాడు. సినిమా అంతా కుంటుతూ నడిచిన ఆ బూట్లతని అడుగులు కూడా ఎందుకుంచారో వాడికి అర్థమైందట, ఇక్కడ జనం పొరబడటానికేనట. నాకు ఆ తెలివి లేదు. చెప్పులు కనబడగానే నేను మళ్ళీ దేని గురించీ ఆలోచించలేదు.

చెప్పులు కనబడ్డ దగ్గర్నుంచే నా చుట్టూ ఒక్కొక్కరూ లేస్తున్నారు, బూట్లు అటూ ఇటూ తిరిగేసరికి ఇంకొందరు లేచారు. వాళ్ళ వెనకే నేనూ వరండాలోకి వెళ్ళాను. కాఫీ కౌంటరావిడ నన్ను చూసి గోడ దగ్గర కాస్త చోటు చేసింది. మంచి చెవికి పెట్టుకుని మీ నాన్నకి ఫోను చేశాను. నేను ఫోను చేశానంటే ఎవరో పోయారనుకుని హడలిపోయాడు.

"అన్నయ్యా, నీ బెంచీ కాళ్ళు చూడ్డానికి ఇక్కడ హాలు నిండింది" అన్నాను.

ఈ చెవి కూడా పోయిందేమోనని ఫోను అటు మార్చి ఇటు మార్చాను. తర్వాత అన్నాడు, "హెడ్మాస్టరు ఒకటే అడిగాడు, కనీసం ఆపి వెళ్ళొచ్చుగా అని. ఆపాలంటే రెండు సెకన్లు పడుతుంది. అంత టైము నాకెక్కడిది? అది లోపలుంది."

అది అంటే నువ్వే.

లోపలికొచ్చాక టార్చి వెలిగించి పుస్తకం తెరిచాను. సీటు నంబరు దగ్గర "వాకిలి" అని రాశాను. టైము, యాభై నాలుగో నిమిషం. తర్వాత స్కేలు పెట్టి పక్కన ఇంకో గీత గీశాను. దాని పైన "తిరిగి వచ్చిన టైము" అని రాసి, నాది నింపాను. మేనేజరు ఏమైనా అంటే అననీ.

మీ నాన్న ఆదివారం మ్యాట్నీకి వస్తున్నాడు. నువ్వూ రా. మీ ఇద్దరికీ వాకిలి పక్క సీట్లు ఉంచాను. మధ్యలో లేవాల్సి వస్తే దగ్గరగా ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు టార్చి నేను వేస్తాను.

నీలం చెప్పుల,
నీ అత్త